మీట మీద బొటనవేలు

బిర్చ్ కౌంటీ విమానాశ్రయంలో విమానాలు పెట్టుకునే షెడ్లు తొమ్మిది ఉన్నాయి. పదోది కట్టిస్తామని కౌంటీ బోర్డు ప్రతి ఎన్నికల ముందూ చెబుతుంది. ఎన్నికలయ్యాక మొక్కజొన్న ధర గురించి మాట్లాడుతుంది. అందుకని ఇక్కడ షెడ్డు దొరకాలంటే ఒక్కటే దారి. షెడ్డున్నవాడు ఎవడైనా చావాలి, లేదా ఎగరడం మానుకోవాలి. తనంతట తాను ఎగరడం మానుకున్న మగాడు ఆ కౌంటీలో ఇంతవరకూ పుట్టలేదు.

విమానాశ్రయం భవనం లోపల, కాఫీ పాత్ర పక్కన, షెడ్డు కోసం ఎదురుచూసే వాళ్ల జాబితా గోడకు వేలాడుతూ ఉంటుంది. పదకొండేళ్ల క్రితం లైల్ బ్రస్కా అందులో ఆరో పేరు. పైనున్న ఐదుగురిలో ముగ్గురికి షెడ్డు దొరికింది, ఇద్దరికి సమాధి దొరికింది. నాలుగేళ్లుగా లైల్ పేరే మొదటిది. మొదటి పేరుగా ఉండటమంత దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. ఎవడు దగ్గినా చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఎవడింటికి అంబులెన్సు వెళ్లినా ముందు ఆశ పుడుతుంది, తర్వాత సిగ్గేస్తుంది. నాలుగేళ్లకి ఆ సిగ్గు కూడా అరిగిపోయింది.

లైల్‌కి అరవై ఒకటి. ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపాడు. పెళ్లి చేసుకోలేదు, పొలం లేదు, చర్చికి వెళ్లడు. ఉన్నదల్లా తనకంటే ముందు పుట్టిన ఒక చిన్న విమానం. రెండు సీట్లు, గుడ్డ తొడిగిన రెక్కలు. అది ఆరుబయట, నేలలో పాతిన మూడు ఇనుప కడియాలకు తాళ్లతో కట్టేసి ఉంటుంది, గొడ్డును కట్టేసినట్టు. ఎండాకాలం ఎండ ఆ గుడ్డను తింటుంది. చలికాలం మంచు దాని మీద కూర్చుంటుంది. తెల్లారకముందే లైల్ చీపురు పట్టుకొచ్చి, రెక్కలు విరిగిపోకుండా మంచు ఊడ్చుకుని వెళ్లేవాడు. ఈ వసంతంలో రెక్క మీద వేలు పెట్టి నొక్కితే గుడ్డ అప్పడంలా పెళపెళమంది. ఇంకో చలికాలం బయట ఉంటే అయిపోయినట్టే. కొత్త గుడ్డ తొడిగించే స్థోమత బస్సు డ్రైవరు పెన్షనుకు లేదు. షెడ్డులో పెడితే మాత్రం ఇంకో పదేళ్లు లాగుతుంది. పదేళ్లు చాలు అనుకున్నాడు లైల్. ఆపైన తనే ఉండకపోవచ్చు.

నాలుగో నంబరు షెడ్డు ఆర్విడ్ సోలెమ్‌ది. ఎనభై రెండేళ్ల ముసలాడు. నలభై ఏళ్లు మెకానిక్కు. ప్రతి విమానానికీ ఏడాదికోసారి, అధికారం ఉన్న మెకానిక్కు తనిఖీ చేసి దాని పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే అది విమానం కాదు, రేకుల డబ్బా. కౌంటీ మొత్తానికి ఆ అధికారం ఉన్న చెయ్యి ఆర్విడ్‌దే.

రెండేళ్ల కిందట ఆర్విడ్ కళ్లు పోయాయి. ముందు ఎదురుగా ఉన్నవి చెరిగిపోయాయి, తర్వాత పక్కనున్నవీ మసకేశాయి. ఇప్పుడు వెలుతురుకీ చీకటికీ తేడా తెలుస్తుంది, అంతే. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవ్వరికీ తెలియదు. జూన్ రాగానే ఒక్కొక్కరే పుస్తకం చంకలో పెట్టుకుని, ఒకరు విస్కీ సీసాతో, ఒకరు జింక మాంసంతో, ఒకరు పొగబెట్టిన చేపతో నాలుగో షెడ్డుకి వెళ్లేవారు. ముసలాడు విమానం చుట్టూ ఒకసారి చేత్తో తడుముకుంటూ తిరిగేవాడు. తర్వాత పెన్ను పట్టుకునేవాడు. పుస్తకం ఎవరిదో వాళ్లే అతని మణికట్టు పట్టుకుని, ఎక్కడ గీత ఉందో అక్కడ ఆనించేవారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

లైల్ కూడా పట్టుకున్నాడు ఆ మణికట్టు. రెండు జూన్లు పట్టుకున్నాడు.

ముసలాడు పాపం అనుకుంటారేమో. తొందరపడకండి. నాలుగో షెడ్డు పెద్దది. ఆర్విడ్ విమానం పక్కన లైల్ చిన్న విమానం ముక్కు వంచి పెడితే సరిపోతుంది. లైల్ నాలుగేళ్లు అడిగాడు. "ఆ మూల నా పడవ ఉంది కదరా" అనేవాడు ఆర్విడ్. చెరువులో దిగి పదిహేనేళ్లయిన పడవ. దాని పక్కన పనిచేయని ఫ్రీజరు. చలికాలం పొద్దున లైల్ మంచు ఊడుస్తుంటే, ముసలాడు షెడ్డు తలుపు ఒక జానెడు తీసి, హీటరు పక్కన కుర్చీ వేసుకుని, చీపురు చప్పుడు వింటూ కాఫీ తాగేవాడు. "ఒరే లైల్! ఇంకా బతికే ఉన్నాన్రోయ్! లోపలికెళ్లి జాబితా చూసుకో!" అని కేకేసి నవ్వేవాడు. రోజూ అదే మాట. నాలుగు చలికాలాలు.

కౌంటీ వాళ్లకి ఒక నియమం ఉంది. షెడ్డు ఎగిరేవాడికే గాని దాచుకునేవాడికి కాదు. అక్టోబరు చివరి శనివారం బోర్డు నుంచి ఒకరు వచ్చి కిటికీ పక్కన కూర్చుంటారు. షెడ్డున్న ప్రతివాడూ తన విమానాన్ని తానే ఎగరేసి దించాలి. వాళ్లు టిక్కు పెట్టుకుంటారు. పోయినేడు ఆర్విడ్ ఎడమ సీట్లో కూర్చుంటే, కుడి సీట్లో చెట్ వోగెల్ కూర్చుని విమానం నడిపాడు. చెట్ ఒకప్పుడు పొలాలకి మందు చల్లే విమానం నడిపినవాడు, ఇప్పుడు భవనంలో కాఫీ బల్ల చుట్టూ చేరేవాళ్లకి పెద్ద. అప్పుడొచ్చిన బోర్డు మనిషి డోనట్ల మీద ఉన్న శ్రద్ధ కిటికీ మీద పెట్టలేదు. ఈ ఏడు వస్తున్నది ఆర్డిస్ పోల్, కొత్తగా గెలిచిన మనిషి. ముప్పై ఐదేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. కౌంటీలో సగం మంది ఆమె చేత తలమీద మొట్టికాయలు తిన్నవాళ్లే.

చెట్‌కి ఈ ఏడు భుజం పట్టేసింది. ఎవరు వెళ్తారంటే, నేను వెళ్తానన్నాడు లైల్.

బల్ల దగ్గర అందరూ అతని వంక చూశారు.

"ఏంట్రా, నీకింత మంచితనం ఎప్పట్నుంచి?" అన్నాడు చెట్. "ముసలాడు షెడ్డు పోగొట్టుకుంటే ఎగిరి గంతేసేది నువ్వేగా?"

"షెడ్డు సంగతి షెడ్డుది," అన్నాడు లైల్. "ఆయన పోతే నా పుస్తకంలో సంతకం ఎవడు పెడతాడు?"

"అదీ మాట!" అన్నాడు డాక్టర్ రెన్‌ఫ్రో. ఊళ్లో పళ్ల డాక్టరు, జాబితాలో రెండో పేరు. "బుద్ధి బస్సులో మర్చిపోయి దిగావనుకున్నాను ఇన్నాళ్లూ."

అందరూ నవ్వారు. లైల్ కూడా నవ్వాడు.

లైల్ లెక్క వేరు. ఆర్డిస్ పోల్ చెవిలో నేరుగా ఊదితే పని అయిపోతుంది. కానీ చాడీలు చెప్పినవాడితో బిర్చ్ కౌంటీలో ఎవడూ కాఫీ తాగడు, ఎవడూ బ్యాటరీ అప్పివ్వడు. పాము చావాలి, కర్ర విరగకూడదు. దానికి లైల్‌కి తట్టిన ఉపాయం రేడియో.

ఇక్కడ విమానాలకి దారి చెప్పే టవరూ లేదు, అధికారీ లేడు. ఎవడికి వాడే రేడియోలో తానెక్కడున్నాడో చెప్పుకుంటూ దిగాలి. చుట్టుపక్కల ఆరు విమానాశ్రయాలకీ కలిపి ఒకే లైను. కిటికీ దాకా వినిపించే స్పీకరు ఒకటి కాఫీ బల్ల మీద ఉంటుంది. ఎవడెలా దిగుతున్నాడో వింటూ వెక్కిరించడమే బల్ల దగ్గరి కాలక్షేపం. మాట్లాడాలంటే స్టీరింగు మీద ఉన్న మీట బొటనవేలితో నొక్కాలి. ఆ మీట ఒక్కోసారి ఇరుక్కుపోతుంది. అప్పుడు లోపల మాట్లాడుకునే ప్రతి మాటా లోకమంతా వింటుంది, లోపలివాళ్లకి మాత్రం తెలియదు. పోయిన వేసవిలో డాక్టర్ రెన్‌ఫ్రో మీట ఇరుక్కుంది. తన బావమరిది గురించి ఇరవై నిమిషాలు ఆరు ఊళ్లకి వినిపించాడు. ఆ బావమరిది బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. మీట ఇరుక్కోవడం నేరం కాదు. ఎవరికైనా జరిగేదే. దానికెవడూ ఎవణ్ణీ తప్పుపట్టడు.

ఒక్కటే జాగ్రత్త. ముసలాడి కళ్లు ఈ శరదృతువులోనే పోయాయని అనిపించాలి. రెండేళ్ల మాట బయటికి రాకూడదు. వస్తే జూన్‌లో పెట్టిన సంతకం చెల్లదు, తన విమానం కూడా రేకుల డబ్బా అయిపోతుంది. ప్రశ్న ఎలా అడగాలో లైల్ వారం రోజులు అద్దం ముందు నిలబడి సాధన చేశాడు. అద్దంలో తన మొహం చూసుకోవడానికి అతనికేమీ ఇబ్బంది అనిపించలేదు.

శనివారం ఆకాశం శుభ్రంగా ఉంది. ఆర్డిస్ పోల్ తొమ్మిదింటికల్లా వచ్చి, కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. విమానాశ్రయం చూసుకునే జోలీన్ డోనట్ల పళ్లెం ఆమె ముందు పెట్టింది. ఆమె ముట్టుకోలేదు. చెట్ పళ్లెం ఇంకొంచెం ఆమె దగ్గరికి జరిపాడు.

ఆర్విడ్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. లైల్ భుజం మీద చెయ్యేసి నడిచాడు, ముచ్చట్లాడుకుంటున్న పాత స్నేహితుల్లా. కిటికీలోంచి చూసేవాళ్లకి అలాగే కనిపిస్తుంది. అతని విమానానికి తలుపు ఒకటే, కుడి పక్కన. రెక్క మీద కాలుపెట్టి ఎక్కాలి. ముందు ముసలాణ్ణి ఎక్కించి ఎడమ సీట్లోకి జరిపి, తర్వాత లైల్ ఎక్కాడు. మోకాళ్లు వంగక ఆర్విడ్ రెండుసార్లు మూలిగాడు.

"నా మోకాళ్లకి నీకంటే ఎక్కువ వయసురా," అన్నాడు.

"నీ నోటికి ఇంకా ఎక్కువ," అన్నాడు లైల్.

ముసలాడు పకపకా నవ్వాడు. అంత సంతోషంగా అతన్ని చూసి చాలా కాలమైంది. స్విచ్చులన్నీ తడుముకుంటూ తనే వేశాడు. ఇంజిను అంటుకోగానే తల ఒక పక్కకి వంచి విన్నాడు. "మూడో సిలిండరు కొంచెం అలిగింది. వేడెక్కితే సర్దుకుంటుంది," అన్నాడు. సర్దుకుంది కూడా.

హెడ్‌ఫోన్లలో ఆరు ఊళ్ల గోల. ఒకడు దిగుతున్నానంటాడు, ఒకడు ఎగురుతున్నానంటాడు, ఒకడు గాలి ఎటు ఉందని అడుగుతాడు. ఎండ కాస్తే శనివారాలు ఇంతే, సంతలా ఉంటుంది. బిర్చ్‌లో ఎగురుతున్నామని ఆర్విడ్ రేడియోలో చెప్పాడు. గొంతు ఖంగుమంది. లైల్ కుడి పక్క స్టీరింగు లాగాడు. చక్రాలు నేలను వదిలాయి. కింద మొక్కజొన్న చేలు కోత కోసి ఖాళీగా ఉన్నాయి.

"చెప్పరా, ఏం కనిపిస్తోంది?" అన్నాడు ఆర్విడ్.

"హన్సన్ వాళ్ల గోదాము. రంగు వేశారు."

"ఎరుపేనా?"

"ఎరుపే."

ముసలాడు తల ఆడించాడు. ఏదో పెద్ద బహుమతి అందుకున్నట్టు మొహం వెలిగింది. లైల్ మనసులో ఒక్క క్షణం ఏదో కదిలింది. దాని మీద నాలుగు చలికాలాల చీపురు చప్పుడు పడింది. బొటనవేలు తీసుకెళ్లి మీట మీద పెట్టి, గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

"ఆర్విడ్," అన్నాడు, సాధన చేసిన గొంతుతో. "ఈ సెప్టెంబరు నుంచి నీ కళ్లు మరీ పాడైనట్టున్నాయి కదా? అప్పటిదాకా బాగానే ఉండేవి. ఇప్పుడు రన్‌వే అయినా కనిపిస్తోందా నీకు?"

ముసలాడు తల ఒక పక్కకి వంచాడు, ఇందాక ఇంజినుకి వంచినట్టు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఎంత ప్రశాంతంగా ఉందో," అన్నాడు ఆర్విడ్ చివరికి. "ఇందాకటిదాకా చెవులు దిమ్మెక్కే గోల. ఒక్కసారిగా ఆరు ఊళ్లకీ నోళ్లు పడిపోయాయా ఏంటి?"

మీట నొక్కి ఉంటే అవతలివాళ్ల మాటలు ఇటు వినిపించవు. ఇన్ని ఆలోచించినవాడు అదొక్కటి ఆలోచించలేదు. నలభై ఏళ్లు చెవితో ఇంజిన్ల రోగాలు పట్టిన మనిషి పక్కన కూర్చుని, నిశ్శబ్దాన్ని దాచగలననుకున్నాడు.

చటుక్కున బొటనవేలు తీసేశాడు. గోల తిరిగి రాలేదు.

పక్కకి చూశాడు. ఎడమ పక్క స్టీరింగు మీద, ఆర్విడ్ బొటనవేలు తన మీటను నొక్కి ఉంది. గోరు తెల్లబడేంత గట్టిగా.

"అడిగావు కదా, చెబుతాను విను," అన్నాడు ముసలాడు. గొంతులో కోపం లేదు. లెక్క అప్పజెబుతున్నట్టు ఉంది. "సెప్టెంబరు కాదురా లైల్. రెండేళ్లయింది. రన్‌వే కాదు, నా చెయ్యే నాకు కనిపించదు. ఆర్డిస్ గారూ, వింటున్నారా? ఈ కుర్రాడి విమానానికి రెండు జూన్లు సంతకం పెట్టాను. నా మణికట్టు పట్టుకుని గీత మీద పెట్టింది వీడే."

"ఆర్విడ్, ఆపు!"

"చెట్ వోగెల్‌ది కూడా అంతే. రెండు సీసాలిచ్చాడు, అందులో ఒకటి నీళ్లు కలిపిన సరుకు. పళ్ల డాక్టరుది కూడా. ఆయనైతే మణికట్టు కూడా పట్టుకోలేదు, నా పెన్నుతో తనే గీసుకున్నాడు. జోలీన్ మొగుడిది కూడా. జోలీన్ పక్కనే నిలబడి..."

లైల్ చెయ్యి రేడియో బొత్తాన్ని వెతుక్కుంది. దొరికింది. తిప్పేశాడు. రేడియో చచ్చిపోయింది. అప్పటికి చెప్పాల్సిందంతా చెప్పేశాడు ముసలాడు. ఇంజిను చప్పుడు మాత్రం మిగిలింది.

"ఎందుకు చేశావు?" అన్నాడు లైల్. గొంతు కీచుగా వచ్చింది. "నీకేం ఒరిగింది? అందర్నీ ముంచావు కదా!"

"నేను మునుగుతుంటే మీరంతా గట్టు మీద కూర్చుని కాఫీ తాగాలా?" అన్నాడు ఆర్విడ్. "షెడ్డు కావాలంటే అడగొచ్చు కదరా."

"నాలుగేళ్లు అడిగాను."

"అవును. అడిగావు." ముసలాడు కాసేపు ఆలోచించాడు. "ఇవ్వాలనిపించలేదు. నువ్వలా చీపురు పట్టుకుని కొట్టుకుంటుంటే నాకు పొద్దున్నే ఒళ్లు వెచ్చబడేది."

లైల్‌కి ముసలాణ్ణి కొట్టాలనిపించింది. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి కాబట్టి కొట్టలేదు. రేడియోలో ఎవరికీ ఏమీ చెప్పకుండా చుట్టు తిప్పి, విమానాన్ని నేలకి దించాడు. చక్రాలు రెండుసార్లు ఎగిరిపడ్డాయి. మామూలు రోజైతే బల్ల దగ్గరివాళ్లు వారం రోజులు చెప్పుకుని నవ్వేవాళ్లు.

భవనం ముందు ఇంజిను ఆపాడు. కిటికీలో మొహాలు కనిపించాయి. ఎవరూ బయటికి రాలేదు.

"ఎవరైనా వస్తున్నారా?" అన్నాడు ఆర్విడ్.

"లేదు."

"సరే. చెయ్యివ్వు, దిగుతాను. మోకాళ్లు పట్టేశాయి."

చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి గాలిలో కొంచెం పక్కకి ఉంది, లైల్ లేని వైపు. లైల్ ఆ చేతిని చూశాడు. ఇంజినాయిలు మరక గోళ్లలో ఇంకిపోయిన చెయ్యి. తలుపు తీసి, రెక్క మీదకి దిగి, అక్కణ్ణుంచి నేల మీదకి దూకి, తలుపు మూసేశాడు. ముసలాడు తలుపైతే తడుముకుని తీయగలడు. ఆ మోకాళ్లతో, కళ్లు లేకుండా, ఆ జారే రెక్క మీద నుంచి మాత్రం దిగలేడు. ఆ సంగతి లైల్‌కి బాగా తెలుసు.

లోపల ఆర్డిస్ పోల్ ఒక్కతే మాట్లాడుతోంది. మిగతావాళ్లు తేలు కుట్టిన దొంగల్లా కూర్చుని ఉన్నారు. బల్ల మీద అప్పటికే ఏడెనిమిది పుస్తకాలు పేర్చి ఉన్నాయి.

"బ్రస్కా, నీది కూడా తీసుకురా," అంది ఆమె, తల ఎత్తకుండా. "సోలెమ్ సంతకం ఉన్న విమానం ఏదీ ఈ క్షణం నుంచి కదలడానికి వీల్లేదు. రాష్ట్రం నుంచి మెకానిక్కుని పంపమని అడుగుతున్నాను. రెక్కల గుడ్డలు కూడా పొడిచి చూడమంటాను."

పొడిచి చూస్తే లైల్ రెక్కలు ఏమవుతాయో లైల్‌కి తెలుసు. ఇనుప కడ్డీ మొన ఆనగానే వేలు దూరేంత కన్నం పడుతుంది.

"షెడ్డు?" అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. ఇంత జరిగాక కూడా నోట్లోంచి అదే వచ్చింది.

ఆర్డిస్ పోల్ అప్పుడు తలెత్తి అతని వంక చూసింది. లెక్క తప్పు చేసి దాన్ని పెన్నుతో దిద్ది దొరికిపోయిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. లేచి వెళ్లి గోడ మీది జాబితా తీసి తెచ్చింది.

"నాలుగో షెడ్డు ఖాళీ అయింది, నిజమే. ఎగరడానికి పనికొచ్చే విమానం ఉన్నవాళ్లకే ఇవ్వాలి. మొదటి పేరు నీది. కొట్టేశాను. రెండు, రెన్‌ఫ్రో. కొట్టేశాను." పెన్ను గీతలు గీస్తూ కిందికి వెళ్లింది. "ఏడో పేరు. ఈ మిల్బర్న్ ఎవరు?"

"నగరంలో ఉంటాడు," అంది జోలీన్ సన్నగా. "చెరువు దగ్గర ఇల్లుంది. ఏడాదికి రెండుసార్లు చేపలు పట్టుకోవడానికి వస్తాడు. తనిఖీ అక్కడే చేయించుకుంటాడు."

"ఆయనకి ఫోన్ చెయ్యి. షెడ్డు ఆయనదే," అంది ఆర్డిస్ పోల్. పుస్తకాలు ఎత్తుకుని జోలీన్ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఫోన్ తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

చెట్ బల్ల మీద మోచేతులు ఆనించి లైల్ వైపు తిరిగాడు.

"మీట ఇరుక్కుందా, లైల్?" అన్నాడు చెట్, ఎంతో మర్యాదగా.

లైల్ గోడ మీద ఖాళీ అయిన మేకు వంక చూశాడు.

"సెప్టెంబరు నుంచేనా, అని అడిగావు. ఎంత ముద్దుగా అడిగావురా! నా మనవరాలు నాటకంలో పద్యం చెప్పినట్టు ఉంది." చెట్ పట్టేసిన భుజాన్ని నొక్కుకున్నాడు. "అరవై ఏళ్లుగా ఎగురుతున్నాను. నా విమానాన్ని నేలకి కట్టేయడానికి ఒక బడి బస్సు డ్రైవరు కావాల్సొచ్చింది."

అప్పుడు స్పీకరు గరగరమంది.

"బిర్చ్ విమానాశ్రయంలో ఉన్నవాళ్లకి," అంది ఆర్విడ్ గొంతు. రేడియో బొత్తాం తడుముకుని మళ్లీ వేసుకున్నాడన్నమాట. రేడియోలో మాట్లాడాల్సిన పద్ధతిలోనే మాట్లాడాడు, ఒక్క మాట తప్పకుండా. "విమానం భవనం ముందు ఆగి ఉంది. ఇంజిను ఆపేశాం. ఒక మనిషి లోపలున్నాడు. దించడానికి ఎవరైనా రావాలి. బిర్చ్."

ఎవరూ కదల్లేదు. డాక్టర్ రెన్‌ఫ్రో కప్పులోకి చూసుకున్నాడు. చెట్ కిటికీ వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. వీళ్లే నిన్నటిదాకా ఆ ముసలాడి మణికట్టు ఎంత సుతారంగా పట్టుకున్నారో.

"జోలీన్?" అంది గొంతు, కొంచెం ఆగి. "చెట్? ఎవరైనా ఉన్నారా? ఇక్కడ చలిగా ఉంది." కాసేపు గరగర మాత్రమే. తర్వాత ఇంకొంచెం మెత్తగా, "ఒరే లైల్" అంది.

ఆ పిలుపులో ఎగతాళి లేదు. అదొక్కటే లైల్‌కి భరించడం కష్టమైంది. కాళ్లు తలుపు వైపు ఒక అడుగు వేశాయి కూడా. చెట్ కాలు చాపి దారికి అడ్డంగా పెట్టాడు, ఏమీ అనకుండా. లైల్ ఆ కాలును దాటి వెళ్లొచ్చు. దాటలేదు.

జోలీన్ చెయ్యి చాపి స్పీకరు గొంతు తగ్గించింది. మాటలు వినపడకుండా, చప్పుడు మాత్రం వినపడేంత తగ్గించింది. తర్వాత అది కూడా వినపడకుండా తగ్గించింది.

లైల్ ఒక కప్పు తీసుకుని కాఫీ పోసుకున్నాడు. బల్ల చుట్టూ ఎవరూ కుర్చీ జరపలేదు. గోడకి ఆనుకుని, కిటికీ కనిపించని చోట నిలబడి, అది వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియకుండానే తాగాడు.